సూరత్ తీరం: ఆటుపోట్లపై ఆధారపడిన వసంతకాలపు వేట

తాపీ నది కడలిని చేరే చోట, డుమస్, హజీరా పరిసరాలలో చేపలవేటను ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు శాసిస్తాయి. ఈ సింధుశాఖకు ఎగువన భావ్‌నగర్ వద్ద ఆటుకు, పోటుకు మధ్య నీటిమట్టంలో తేడా దాదాపు 10 మీటర్లు.

ఈ తీరపు సంప్రదాయ సాధనం ‘డోల్’ వల. గరాటు ఆకారంలోని ఈ సంచి వలను గుంజలకు కట్టి, ప్రవాహానికి ఎదురుగా నోరు తెరచి ఉంచుతారు. చేపను వలలోకి నీటి వేగమే తెస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఆ వేగం హెచ్చుతుంది. అష్టమి నాటికి మందగిస్తుంది. అందుచేత వేట దినాలను తిథులే నిర్ణయిస్తాయి. విషువత్తు వచ్చే మార్చిలో పోటు మరింత బలపడుతుంది.

బాంబే డక్, సావళ్లు, రొయ్యపొట్టు ఈ వలలో పడతాయి. బాంబే డక్‌ను వెదురు దండేలపై ఎండబెడతారు. వసంతపు పొడి ఎండ అందుకు అనుకూలం.

తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేట ఏప్రిల్ 15న నిలిచిపోతుంది. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది. కాబట్టి వర్షాకాలానికి ముందు ఈ వారాల రాబడి జాలరి కుటుంబాలకు కీలకం. అయితే సన్నని కన్నుల వలలో చేపపిల్లలు సైతం చిక్కుతాయి. అవి ఎదగకముందే తరిగిపోతే, నష్టపోయేది మరుసటి ఏటి వేటే.