సారా పాటల నుంచి గంజాయి కేసుల దాకా

నెల్లూరు సీమలో మద్యనిషేధం అనగానే 1992 నాటి దూబగుంట సారా పోరాటం గుర్తుకొస్తుంది. కానీ ఈ తీరం అంతకు నలభై ఏళ్ల ముందే నిషేధాన్ని చవిచూసింది. 1937 అక్టోబరు 1న రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన చట్టం 1948 నాటికి నెల్లూరుతో సహా మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. కల్లుగీతే బతుకైన కులాలవారికి రాత్రికి రాత్రే కులవృత్తి నేరమైపోయింది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నిషేధం ఎత్తివేయమని రామమూర్తి కమిటీ సిఫార్సు చేసింది. ప్రకాశం ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత కార్మికులు సత్యాగ్రహం చేసి జైళ్లకు వెళ్లారు. 1954 నవంబరులో ఆ ప్రభుత్వం ఈ విషయం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం మంచిదా చెడ్డదా అని వాదించుకునేవాళ్లు, దాని బరువు ఎవరి నెత్తిన పడిందో చూడకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

1969లో నిషేధం ఎత్తేశారు. తర్వాత ఏటా సారా దుకాణాల వేలం పాటలు. ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో సర్కారే పాకెట్లలో సారా పంపింది. పాకెట్ ఊరి నడిబొడ్డుకే కాదు, గుడిసె గుమ్మంలోకే వచ్చింది. కూలి డబ్బు సాయంత్రానికి దుకాణంలో, తన్నులు రాత్రికి ఇంట్లో.

1991లో జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పలకా బలపం పట్టిన ఆడవాళ్లు వాచకంలో సారాపై తిరగబడ్డ సీతమ్మ కథ చదివారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచి దుకాణాలు మూయించారు. చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా జీపులకు అడ్డం నిలబడ్డారు, పాకెట్లను తగలబెట్టారు. తాగొచ్చిన మొగుళ్లకు కొన్ని ఊళ్లలో గుండు గీయించారు కూడా. జిల్లాలో పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: వాళ్లు అడిగింది పాట ఆపమని, దుకాణం ఎత్తేయమని. ఎవరినీ జైల్లో పెట్టమని కాదు.

1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. అప్పుడు తాగడమే నేరమైంది. పొరుగు రాష్ట్రాల నుంచి సీసాలు దొంగదారిన వచ్చాయి, నాటుసారా బట్టీలు పెరిగాయి. 1997లో చట్టం సడలింది. 1920 నుంచి 1933 దాకా అమెరికా చూసిందీ ఇదే. 2019 తర్వాత మళ్లీ దశలవారీ నిషేధమంటూ మద్యం ధరలు పెంచారు. 2020లో పక్క జిల్లా ప్రకాశంలోని కురిచేడులో మద్యానికి బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. బిహార్ నిషేధ చట్టం కోర్టులను బెయిలు పిటిషన్లతో నింపేసిందని 2021 డిసెంబరులో విజయవాడలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్‌.వి.రమణ చెప్పారు.

ఇప్పుడు వంతు గంజాయిది. ఏజెన్సీ కొండల నుంచి చెన్నై వెళ్లే సరుకు ఎక్కువగా కావలి, నెల్లూరు, తడ మీదుగానే పోతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఇరవై కిలోలకు మించి దొరికితే కనీసం పదేళ్ల శిక్ష, బెయిలు దాదాపు దుర్లభం. టోల్‌గేటు దగ్గర బస్సులో పట్టుబడేది చాలావరకు కూలికి సంచి మోసిన కుర్రాడే. డబ్బు పెట్టినవాడు ఆ బస్సులో ఉండడు.

మత్తు చేసే కీడు చిన్నది కాదు. ఆడవాళ్ల కష్టం తెలిసినవాళ్లెవరూ అలా అనలేరు. కానీ ఆ మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. కొద్ది మోతాదుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి చికిత్స తీసుకుంటే విచారణ తప్పుతుంది. జిల్లా పోలీసులూ, న్యాయవాదులూ ముందుగా ఆ సెక్షన్ తెరవండి. పిల్లవాడు దొరికాడని స్టేషన్‌కు పరుగెత్తే తల్లికి దాని సంగతి చెప్పండి.