ప్రహరీకి అటూ ఇటూ: ప్రయోగశాల బట్టల కథ

చర్లపల్లి, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల నడుమ పెరిగిన మనకు షిఫ్టు సైరనే గడియారం. మన నాన్నలు చాలామంది ఖాకీ బట్టలు, బరువైన బూట్లు వేసుకుని డ్యూటీకి వెళ్లేవారు. ఆ వేషం వెనుక ఒక చట్టం ఉంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసే కార్మికుడికి వదులు బట్టలు పనికిరావంది. ఒంటికి పట్టే బట్టలు యాజమాన్యమే ఇవ్వాలంది. ముక్కలు ఎగిరిపడే పనుల్లో కంటికి అద్దాలో, అడ్డుతెరలో ఉండాలని 35వ సెక్షన్ చెప్పింది. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగాక, 1987లో ప్రమాదకర ప్రక్రియల మీద కొత్త అధ్యాయమే చేరింది.

ఇదంతా కార్మికుడి కోసం రాసిన చట్టం. ప్రహరీకి ఇటువైపు, బడిలో, మనకున్న చట్టం సైన్సు మాస్టారి నోటిమాట. ఓణీ చెంగు నడుముకు దోపుకోవాలి. జడ వెనక్కి వేసుకోవాలి. స్పిరిట్ దీపం మీదికి వంగకూడదు. తెల్లకోటు మనలో చాలామంది ఇంటర్‌కి వెళ్లాకే చూశాం.

ఆనాటి యూనిఫాం టెర్రికాటన్. నలగదు, తొందరగా ఆరుతుంది, ఏళ్లతరబడి వస్తుంది. అందుకే ఇళ్లలో దానికంత గిరాకీ. కానీ నిప్పు దగ్గర దాని గుణం వేరు. నూలు మండుతుంది గాని కరగదు. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

ఇది పెద్ద విశ్వవిద్యాలయాలకూ తప్పలేదు. 2008 డిసెంబరు 29న లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు సిరంజితో తీస్తున్న రసాయనం గాలి తగిలి భగ్గుమంది. ఆమె ఒంటిమీద సింథటిక్ స్వెట్టరు ఉంది, కోటు లేదు. 18 రోజులకు కన్నుమూసింది. కోటు నియమాలు అక్కడ గట్టిపడింది ఆ తర్వాతే.

1948 చట్టంలో నాకు నచ్చే మాట ఒకటుంది: వేసుకోమన్నవాడే ఇవ్వాలి. ఇవ్వకుండా పెట్టిన నియమం పిల్లలకు తిట్టుగానే మిగులుతుంది; కోటు కొనలేని ఇంటి బిడ్డ ప్రయోగం రోజున వెనక వరుసలో నిలబడుతుంది.

స్వర్ణోత్సవ కానుకగా శిలాఫలకం ఒకటి తగ్గినా ఫరవాలేదు. ఒక సెక్షనుకు సరిపడా పొడుగు చేతుల నూలు కోట్లు, కంటి అద్దాలు మన సంఘం కొనిద్దాం. అవి పిల్లలవి కాదు, ప్రయోగశాలవి. తలుపు పక్క కొక్కేలకు వేలాడాలి. లోపలికి వచ్చే ప్రతి బిడ్డా అడగకుండా తీసి తొడుక్కోవాలి.