బేడం ఎవరి చేతిలో?

మా అమ్మ పెద్దపల్లిలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి ఆరేళ్ళయింది. పోయిన ఎండాకాలం మా వాడలో రెండిళ్ళ తాళాలు పగలగొట్టారు. ఆ సంగతి వినగానే అమెరికాలో ఉండే తమ్ముడు ఇంటికి కెమెరాలు పెట్టిద్దామన్నాడు. ఉత్త కెమెరాలు కాదు. గేటు దగ్గర మనిషి అలికిడైతే లైటు వెలగాలి, తలుపు తెరిస్తే ఫోనుకి కబురు రావాలి, రాత్రి పదింటికి తాళం తనంతట తనే పడాలి. ఏది మంచిదో చూసి కొనే పని నాకు అప్పగించాడు. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఇదేం పని అని నవ్వుకున్నాను గానీ, నాలుగు నెలలు ఇదే చదివాను.

అమ్మ మాత్రం ఒకే ప్రశ్న అడిగింది. "గిది నేను సూసెటందుకా బిడ్డా, నన్ను సూసెటందుకా?"

దుకాణదారుకి ఈ ప్రశ్న అర్థం కాలేదు. తమ్ముడికి అర్థమయింది గానీ నచ్చలేదు. నాకు జవాబు తెలియలేదు. పరిశోధన అలవాటున్నవాళ్ళం కదా, జవాబు తెలియకపోతే చరిత్ర తిరగేస్తాం.

తీగ గుండా దూరానికి బొమ్మ పంపే కెమెరాని నిఘాకి వాడటం 1942లో జర్మనీలో మొదలైందంటారు. వి-2 రాకెట్లు పేలితే ప్రాణాలకు ముప్పు లేకుండా దూరం నుంచి చూడటానికి పెట్టారు. యుద్ధంలో పుట్టిన వస్తువు, సరే. అది ఇంటి గుమ్మానికి ఎలా వచ్చిందన్నది నేను ఊహించని కథ. దాన్ని గుమ్మానికి తెచ్చింది న్యూయార్క్‌లో ఒక నల్లజాతి నర్సు.

ఆమె పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. క్వీన్స్‌లోని జమైకా ప్రాంతంలో ఉండేది. వేళాపాళా లేని డ్యూటీలు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్, అతనూ రాత్రుళ్ళు ఇంట్లో లేని రోజులుండేవి. ఆ ప్రాంతంలో నేరాలు ఎక్కువ, పిలిస్తే పోలీసులు వచ్చేసరికి ఆలస్యం. రాత్రి తలుపు చప్పుడైతే లేచి గుమ్మం దాకా వెళ్ళి అవతల ఎవరున్నారో చూడాలి. ఆ నాలుగడుగులే ఆమె భయం. ఒంటరిగా ఉండే ప్రతి ఆడమనిషికీ ఆ నాలుగడుగులు తెలుసు.

ఆమె ఆలోచన నేరుగా ఆ భయంలోంచే వచ్చింది. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు. పొడుగు మనిషి వచ్చినా, పిల్లవాడు వచ్చినా కనపడేటట్టు. వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా. పడకగదిలో టీవీ తెర. మంచం మీద కూర్చునే బయటి మనిషిని చూడొచ్చు, మైకులో "ఎవరు?" అని అడగొచ్చు. తెలిసినవాళ్ళయితే ఒక మీట నొక్కితే తలుపు గడియ తీసుకుంటుంది. కానివాళ్ళయితే ఇంకో మీట నొక్కితే కాపలావాళ్ళకో పోలీసులకో ప్రమాద సూచన పోతుంది. 1966 ఆగస్టు 1న పేటెంటుకి దరఖాస్తు చేశారు, 1969 డిసెంబర్ 2న వచ్చింది. కాగితం మీద మొదటి పేరు మేరీది, తర్వాతది భర్తది. ఇవాళ దుకాణాల్లో 'స్మార్ట్' అని అమ్ముతున్న వాటిలో ఎన్నో ఆ కాగితంలో ఉన్నాయి. దూరం నుంచి తీసే తాళం కూడా.

ఆ దరఖాస్తు చదువుతూ నేను ఆగిపోయింది ఒక చోట. ఆ ఏర్పాటులో కెమెరా చూపు బయటికి ఉంది. ఇంట్లో ఉన్న స్త్రీ చూస్తుంది, వీధిలో ఉన్న మనిషి కనబడతాడు. మీట ఆమె చేతిలో ఉంది. మగవాడి చూపు ఆడదాని ఒంటి మీద ఏం చేస్తుందో జయప్రభ 'చూపులు' చదివిన మనకు చెప్పనక్కర్లేదు. సినిమా గురించి లారా మల్వీ 1975లో సిద్ధాంతీకరించిందీ ఆ చూపు సంగతే. అంతకు కొన్నేళ్ళ ముందే ఒక నర్సు, ఏ సిద్ధాంతమూ చదవకుండానే, ఆ చూపుని వెనక్కి తిప్పే యంత్రం గీసింది. వర్జీనియా వూల్ఫ్ 1929లో అడిగింది గది ఒక్కటే కాదు, ఆ గదికి తాళం కూడా. గది ఊసెత్తే మనం తాళాన్ని ఎందుకో మరిచిపోతాం.

మేరీ బ్రౌన్‌కి పేటెంటు వచ్చిన 1969లోనే అమెరికాలో హనీవెల్ కంపెనీ యంత్రం ఒకటి 'కిచెన్ కంప్యూటర్' పేరుతో నైమన్ మార్కస్ వారి క్యాటలాగులో 10,600 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. వంటకాల జాబితాలు దాచుకునే యంత్రం. ఎవరూ కొన్న దాఖలా లేదు. ఒకే ఏడాది రెండు ఊహలు చూడండి. ఇంట్లో స్త్రీకి యంత్రం దేనికంటే ఒకరు వంటకి అన్నారు, ఒకామె గడియకి అంది. ఇళ్ళని యంత్రాలతో నడపటం అనే వ్యాపారం చాలాకాలం మొదటి దారిలోనే నడిచింది.

1975లో స్కాట్లండులో ఎక్స్-10 అనే పద్ధతి తయారైంది. ఇంట్లో ఉన్న కరెంటు తీగల గుండానే లైటుకీ ఫ్యానుకీ ఆదేశాలు పంపడం దాని పని. అది మంచి ఇంజనీరింగే. కానీ 2001 ప్రాంతంలో ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్నవాళ్ళకి ఎక్స్-10 పేరు మరో రకంగా గుర్తుండాలి. అడగకుండా తెర మీద తెరుచుకునే చిన్న కెమెరా ప్రకటనలు. అందులో కెమెరా పక్కన దొంగ బొమ్మ కాదు, అందమైన అమ్మాయి బొమ్మ. ఎవరిని చూడటానికి కొనాలో ఆ బొమ్మే చెప్పింది. ముప్ఫై ఏళ్ళు దాటేసరికి చూపు దిశ మారిపోయింది.

ఇది ప్రకటనల దగ్గర ఆగలేదు. అమెజాన్ సొంతమైన 'రింగ్' కంపెనీ మీద 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం పెట్టింది. 2017లో అక్కడి ఉద్యోగి ఒకడు కనీసం 81 మంది స్త్రీల ఇళ్ళ వీడియోలు వేల సంఖ్యలో చూశాడని, అవి పడకగదుల్లో, స్నానాల గదుల్లో పెట్టుకున్న కెమెరాలవని. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ స్త్రీలంతా భద్రత కోసమే కొనుక్కున్నారు. మేరీ బ్రౌన్ దగ్గర తెర తన పడకగదిలో ఉండేది. వీళ్ళ దగ్గర కెమెరా పడకగదిలో ఉంది, తెర ఎక్కడో కంపెనీ ఆఫీసులో ఉంది.

ఇక మా వైపుకి వస్తాను. (ఇక్కడ ఫూకోనీ బెంథామ్‌నీ పిలవాలని కలం లాగుతోంది గానీ వాళ్ళని వదిలేస్తున్నాను. గడీ చూసిన ఊరివాళ్ళకి వాళ్ళ అవసరం లేదు.) ఉత్తర తెలంగాణ పల్లెల్లో దొరల గడీలకు ఎత్తైన ప్రహరీలు, పక్కనే ఊరంతా కనబడే బురుజులు. గడీ లోపలి స్త్రీలు ఎవరికీ కనబడకూడదు, ఊళ్ళో ఆడవాళ్ళంతా గడీకి కనబడాలి. దొరబిడ్డతోపాటు అత్తగారింటికి పంపే ఆడబాపలకైతే తమదంటూ మూసుకునే తలుపే లేదు. తలుపు లోపల వేసుకునే గడియని మా వైపు బేడం అంటారు. ఎవరి ఇంటికి బేడం ఉంటుంది, ఎవరు లోపలినుంచి వేసుకోగలరు అన్నది ఇక్కడ ఎప్పుడూ కులం, వర్గం, ఆడ మగ తేల్చిన విషయమే.

గడీలు కూలాక చూసే పని వేరే చేతుల్లోకి పోయింది. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ బాంబు పేలుళ్ళు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం గుమిగూడే దుకాణాలు, హాళ్ళు, ఆస్పత్రులు సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి. రాష్ట్రం వేరయ్యాక తెలంగాణలోనూ ఆ చట్టం కొనసాగింది. ఆ తర్వాత కాలనీలవాళ్ళు చందాలేసుకుని కెమెరాలు పెట్టుకునే 'నేను సైతం' వచ్చింది. ఊళ్ళలో సర్పంచులు రిబ్బన్ కత్తిరించి కెమెరాలు ప్రారంభించే ఫొటోలు పేపర్లో మామూలయిపోయాయి. 2020 నాటి కేంద్ర లెక్కల్లో దేశంలోని పోలీసు కెమెరాల్లో సగానికి మించి తెలంగాణవే. కెమెరా ఉంటే ఆడవాళ్ళకి రక్షణ అన్న మాట ప్రతి ప్రారంభోత్సవంలోనూ వినబడుతుంది. బస్టాండులో వెంటపడేవాణ్ణి పట్టుకోవడానికి అది పనికొచ్చిన సందర్భాలు లేవనను. కానీ ఆడవాళ్ళమీద హింసలో ఎక్కువభాగం జరిగేది ఇంటి లోపల. అక్కడ కెమెరా ఎవరిది?

మా వాడలో ఒకామె ఉంది. ఆమె గురించి ఎక్కువ చెప్పకూడదు. మగడు గల్ఫులో ఉంటాడు. రెండేళ్ళ కింద సెలవుకొచ్చినప్పుడు ముందర అర్రలో కెమెరా బిగించి పోయాడు. ఆమె బయటికి వెళ్ళిన పది నిమిషాల్లో ఫోన్ వస్తుంది. "ఎటువోయినవ్?" మా అమ్మ అరుగు మీద సాయంత్రాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. ఆమె కూడా వస్తుంది. ఫోన్ ఇంట్లో పెట్టి వస్తుంది. ఆ గంటన్నర ఆమె మాట్లాడినంతగా మిగిలిన రోజంతా మాట్లాడదని అమ్మ అంటుంది. తమ్ముడు పంపిన ప్లాన్‌లో మొదటి కెమెరా సరిగ్గా ఆ అరుగు మీదికే ఉంది. మాటలు కూడా రికార్డవుతాయి.

అమ్మ ప్రశ్న నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

ఇంట్లో నిఘా గురించి మన న్యాయస్థానాలు ఏమన్నాయో వెతికితే అదో వంకర దారి. ఏకాంతం స్త్రీకి కూడా హక్కేనని గట్టిగా అన్నది మన హైకోర్టే. 1983లో నటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను బలవంతంగా కాపురానికి పంపే సెక్షన్ ఆమె ఏకాంతాన్నీ గౌరవాన్నీ దెబ్బతీస్తుందని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్‌ని నిలబెట్టింది. 2007లో, భార్య తన తల్లిదండ్రులతోనూ స్నేహితులతోనూ మాట్లాడిన మాటల్ని భర్త చాటుగా రికార్డు చేస్తే, అది ఆమె ఏకాంతంమీద దాడేనని మళ్ళీ మన హైకోర్టే అంది. 2017లో పుట్టస్వామి తీర్పు ఏకాంతాన్ని ప్రాథమిక హక్కు చేసింది. ఇంటి గుట్టు పేరుతో ఇంటి హింసని దాచకూడదన్న స్త్రీవాదుల హెచ్చరికనీ ఆ తీర్పు పట్టించుకుంది. ఇంతలో 2025 జూలైలో సుప్రీంకోర్టు భార్యాభర్తలు రహస్యంగా చేసిన రికార్డింగులు విడాకుల కేసుల్లో సాక్ష్యంగా చెల్లుతాయంది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునే దాకా వచ్చిందంటే ఆ పెళ్ళి అప్పటికే చెడిందని దాని తర్కం. చెడిన పెళ్ళిలో కెమెరా కొనే డబ్బూ, దాని పాస్‌వర్డూ సాధారణంగా ఎవరి దగ్గరుంటాయో ఆ తర్కంలో నాకు కనబడలేదు. అదే ఏడాది కలకత్తా హైకోర్టు, ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళ సమ్మతి లేకుండా నివాసభాగంలో కెమెరాలు నడపరాదన్న తీర్పు నాకు కాస్త ఊరట. అందులో వాది ప్రతివాదులు అన్నదమ్ములు. సమ్మతి అన్న మాట మగవాళ్ళ మధ్య తొందరగా అర్థమవుతుందేమో.

చివరికి కొన్నాం. అమ్మకి భయం లేదని కాదు, తాళాలు పగిలిన రాత్రి నుంచీ ఆమెకి నిద్ర సరిగా లేదు. కెమెరా వద్దనడం నాలాంటి హైదరాబాదు అపార్టుమెంటుదానికి తేలిక.

కంపెనీ సర్వర్లో కాకుండా దృశ్యాలు ఇంట్లోనే ఒక పెట్టెలో నిలవుండే రకం తీసుకున్నాం. నెలనెలా చందా లేదు, ఎక్కడో కూర్చుని చూసే ఉద్యోగీ లేడు. ఏ కంపెనీ కెమెరా అయినా వేరే కంపెనీ పెట్టెతో పనిచేయడానికి ఆన్‌విఫ్ అనే ఒప్పందం 2008 నుంచీ ఉంది. అది ఉందో లేదో అడిగి కొన్నాను. ఇంటి పరికరాలన్నిటినీ కలిపే 'మ్యాటర్' ప్రమాణం 2022లో వచ్చినా కెమెరాలను అందులో చేర్చింది 2025 నవంబర్లోనే. "అన్నిటితో కలుస్తదక్కా" అని దుకాణంలో చెప్పే మాటని అందుకే పూర్తిగా నమ్మలేదు. 2025 ఏప్రిల్ నుంచి కొత్త సీసీ కెమెరాలకు కేంద్రం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. ఆ ధ్రువీకరణ అడిగితే రెండు దుకాణాల్లో నన్ను వింతగా చూశారు. మాట విని లైటు వేసే స్పీకరు చూపించారు గానీ దానికి మా అమ్మ తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు, అక్కడే వదిలేశాం. ఇన్వర్టరు మీదికి రౌటర్ని కూడా మార్పించాం. కరెంటు పోయినప్పుడే కదా దొంగలొచ్చేది.

అసలు గొడవ ఖాతా దగ్గర వచ్చింది. ఇలాంటి ఏర్పాట్లలో యజమాని ఒక్కరే, మిగిలినవాళ్ళు ఆ యజమాని రానిస్తే చూసేవాళ్ళు. తమ్ముడు తన నంబరు పంపాడు. అమ్మ నంబరుతో తెరిచాను. అతను వారం రోజులు నాతో మాట్లాడలేదు. తనది ప్రేమ కాదా అన్నాడు. ప్రేమే. గల్ఫులో ఉన్న ఆ మగడినడిగినా ప్రేమే అంటాడన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. రెండూ ఒకటి కావని నాకు తెలుసు, ఎక్కడ వేరవుతాయో మాత్రం తమ్ముడికి చెప్పలేకపోయాను.

కెమెరా ఒకటి గేటు మీదికి, ఇంకొకటి పెరటి గోడ మీదికి. అరుగు చట్రంలో రాకుండా ఆ ముక్కని నల్లగా కప్పించాం. మాటల రికార్డు తీసేశాం, గంట నొక్కినవాళ్ళతో అమ్మ మాట్లాడేటప్పుడే మైకు పనిచేస్తుంది. పదింటికి తనంతట పడే తాళాన్ని మాత్రం అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. నాన్న చేయించిన ఇనుప బేడమే ఉంది. రాత్రి లేచి మంచం మీదే ఫోన్‌లో గేటు చూసుకుంటుంది, నాలుగడుగులు వెయ్యక్కర్లేదు.

అయినా మొదటి వారం అరుగు మీదికి ఎవరూ రాలేదు. కెమెరా ఎటు చూస్తుందో బయటినుంచి ఎవరికి తెలుస్తుంది? అమ్మ ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి ఫోన్‌లో నల్లటి ముక్క చూపించింది. ఇద్దరొచ్చారు. ఆమె రాలేదు. అప్పుడు అమ్మ నన్ను అడిగి ఇంకో మీట నేర్చుకుంది. ఇప్పుడు నాలుగు కొట్టగానే ముందరి కెమెరా ఆపేస్తుంది, చేటలు లేచాక పెడుతుంది. ఆమె మళ్ళీ వస్తోంది.

మొన్న అటు తెల్లవారక ముందే లేచిన తమ్ముడు ఫోన్ చేశాడు. రోజూ సాయంత్రం గేటు కనబడటం లేదు, నెట్ పోతోందా అని.

"పోతాంది కొడుకా," అంది అమ్మ. "మా దిక్కు గంతే."