తలుపు గుర్తు

మా మేనకోడలు గ్రాఫిక్ డిజైనరు. ఊళ్ళోవాళ్ళ శుభలేఖలూ, కొట్ల బోర్డులూ ఒక్క పూటలో తేల్చేసే పిల్ల, తన సొంత విజిటింగ్ కార్డు దగ్గరికొచ్చేసరికి పదిహేను రోజులు తల పట్టుకు కూర్చుంది.

"పేరూ, ఫోన్ నంబరూ వేస్తే చాలదుటే?" అన్నాను.

"పేరు చదవకముందే నేనని తెలియాలి అత్తయ్యా!" అంది.

ఈ కాలం పిల్లల వేషాలనుకున్నాను గానీ, కాదు. ఐదు వందల ఏళ్ళ కిందటే జర్మనీలో ఒకాయన ఈ తంటాలన్నీ పడ్డాడు. ఆయన పేరు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. 1471లో నూరెంబర్గు పట్నంలో, ఓ కంసాలి ఇంట పుట్టాడు. తండ్రిది హంగరీ దేశం. వాళ్ళ పల్లె పేరుకి అక్కడి భాషలో తలుపు అని అర్థం. జర్మనీలో అదే మాట జర్మన్‌లోకి మారి ఇంటిపేరైంది. మనలోనూ ఊరిపేరే ఇంటిపేరైన కుటుంబాలు ఎన్ని లేవు!

డ్యూరర్ రంగులతో చిత్రాలు వేసేవాడు. కాని ఇంటింటికీ చేరినవి అచ్చు బొమ్మలు. మన బందరు అద్దకాల దిమ్మల్లాగే చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దడం. ఒక్క దిమ్మతో వందల ప్రతులు. కొనేవాడు చిత్రకారుడి మొహం ఎన్నడూ చూడడు. మరి ఫలానావాడి పని అని తెలిసేదెలా? అందుకని తన బొమ్మల్లో తన గుర్తు వేశాడు: కాళ్ళు చాపి నిలబడ్డ పెద్ద 'ఏ', దాని కాళ్ళ మధ్య చిన్న 'డి'. కాస్త తేరిపార చూస్తే ద్వారబంధంలానే ఉంటుంది.

ఆ గుర్తుని బజారుకి మోసింది మాత్రం ఆడవాళ్ళు. 1505లో ఆయన వెనిస్ వెళ్ళి ఏడాది పైగా అక్కడే ఉండిపోతే, ముసలి తల్లి ఊళ్ళో ఉత్సవంలో బొమ్మలమ్మింది. భార్య ఆగ్నెస్ బొమ్మల కట్టలు తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్ సంతకి వెళ్ళింది. రెండు వందల కిలోమీటర్లు, రైళ్ళూ బస్సులూ లేని రోజుల్లో!

పేరొచ్చిందంటే దొంగలూ వస్తారు కదా. ఇటలీలో మార్కాంటోనియో అనే చెక్కుడు పనివాడు డ్యూరర్ బొమ్మల్ని గుర్తుతో సహా దించేశాడు. 1512లో ఎవరో పరాయి ఊరివాడు నూరెంబర్గు పురమందిరం దగ్గరే దొంగ గుర్తు బొమ్మలు పరిచి అమ్మాడు. నగరసభ ఏమందో తెలుసా? ఆ గుర్తులు చెరిపెయ్యి, లేదా సరుకు జప్తు చేస్తాం అంది. బొమ్మ కాజేసినందుకు కాదు సుమండీ, గుర్తు కాజేసినందుకు!

1520లో డ్యూరర్ ఆగ్నెస్‌నీ, పనిపిల్లనీ వెంటబెట్టుకుని నెదర్లాండ్స్ ప్రయాణం కట్టాడు. దారిలో బాంబెర్గ్ బిషప్పుకి కొన్ని బొమ్మలిస్తే, ఆయన సుంకం మినహాయిస్తూ చీటీ రాసిచ్చాడు. ఎక్కడికెళ్ళినా పెద్దవాళ్ళ చేతిలో ఓ బొమ్మ పెట్టడమే. విజిటింగ్ కార్డంటే అంతకన్నా ఏముంటుంది?

1528లో ఆయన పోయాడు. ఆయన ప్రాణస్నేహితుడొకాయన, పిర్క్‌హైమర్, తరవాత ఒక ఉత్తరంలో ఆగ్నెస్‌ని ఆడిపోసుకున్నాడు. డబ్బాశతో పనిచేయించి మొగుణ్ణి చంపుకుందట! సంతలో ఎండకీ చలికీ నిలబడి అమ్మిందెవరో ఆ పెద్దమనిషికి గుర్తు రాలేదు. మాటలు పడ్డ ఆ మనిషే, భర్త పోయిన ఏడాదే, మనిషి ఒంటి కొలతల మీద ఆయన రాసిన పుస్తకం తన ఖర్చుతో అచ్చు వేయించింది. అది బయటికి రాకముందే ఇంకొకడు అలాంటి పుస్తకం తేబోతే నగరసభే అడ్డుపడింది.

ఆ పుస్తకం మొదటి పేజీలో ద్వారబంధం గుర్తు ఠీవిగా ఉంటుంది. చివరి పేజీలో ప్రచురించినవారు ఎవరో కూడా ఉంది: 'ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ విధవ' అని. ఆగ్నెస్ అన్న మాట అక్కడ లేదు.