ఎత్తులో మేటి... శిమిలిగుడ స్టేషన్

అరకులోయ: సముద్ర తీరంలోని విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌కు వెళ్లే రైలు, అరకుకు ముందు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్‌ను దాటుతుంది. 2008లో కాశ్మీరు లోయలో రైళ్లు ప్రారంభమయ్యే వరకు, దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఇదే అత్యంత ఎత్తైనదిగా ఖ్యాతి గడించింది.

విశేషమేమిటంటే, ఈ మార్గాన్ని ప్రయాణికుల కోసం వేయలేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవు ద్వారా జపాన్‌కు ఎగుమతి చేసేందుకు 1960వ దశకంలో కొత్తవలస - కిరండూల్ మార్గాన్ని నిర్మించారు. కొండలను తొలిచి 50కి పైగా సొరంగాలు ఏర్పాటు చేశారు.

ఖనిజం కోసం వేసిన ఆ దారే నేడు బొర్రా గుహల సందర్శకులకు, మన్యంలోని గిరిజన పల్లెలకు ఆధారమైంది. వానాకాలంలో పట్టాలపై కొండచరియలు విరిగిపడితే గూడ్సులతో పాటు వారి ప్రయాణమూ నిలిచిపోతుంది.