కలకత్తాలో పేరు, కడపలో కాపురం

ఖిదిర్‌పూర్‌లో మీకు బంధువులుంటే, ఈసారి వెళ్లినప్పుడు దగ్గరలోని అలీపూర్ జంతుప్రదర్శనశాలను చూడండి. 1876లో ప్రారంభమైన ఆ జూలో మన కడప పక్షి కలివికోడి మాత్రం కనిపించదు. విచిత్రమేమంటే దానికి శాస్త్రీయనామం పెట్టింది ఆ నగరంలోనే!

మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డన్ కనుగొన్న ఈ పక్షిని, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటర్ ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో వర్ణించాడు. రొమ్ముమీద రెండు పట్టీలున్నాయి కనుక 'బైటార్క్వేటస్' అన్నాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత దాని జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

అనుకున్నది శాస్త్రజ్ఞులు, పల్లెవాసులు కాదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పక్షి బొమ్మ చూపి ఊళ్లలో వాకబు చేస్తే, వేటగాళ్లు గుర్తుపట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒకరు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చారు. ఆ పక్షి బతకలేదు. కానీ అసలు రహస్యం బయటపడింది: ఇది రాత్రిపూట తిరిగే పక్షి. పగలు వెతికితే ఎలా దొరుకుతుంది?

1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. మీరు వెళితే బోనులు, బోర్డులు వెతక్కండి. ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల - అదే దాని ఇల్లు. పొదలు మరీ దట్టమైనా, గొర్రెలూ కట్టెలు కొట్టేవాళ్లూ ఎక్కువై పలచబడినా అది ఉండదు. అందుకే దీన్ని కాపాడటం చిక్కు. మనుషుల్ని పూర్తిగా తరిమేసినా లాభం లేదు! పరిశోధకులు మెత్తని మట్టి పట్టీలు పరచి, తెల్లవారి అడుగుజాడలు చూసేవారు. పక్షి కన్నా జాడే ఎక్కువ దొరికేది.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పొదల్లోకి వచ్చింది. చెన్నైకి నీళ్లు కావాలి, కాదనలేం. వివాదం తర్వాత కాలువ దారి మార్చారు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి పక్షి కనబడలేదు, వినబడలేదు. 2025 ఆగస్టులో ఒక రాత్రి పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. రెండక్షరాల చిన్న కూత, చీకట్లోంచి.