కలివికోడి జాడ చెప్పిందెవరు?

ముత్తుకూరు వైపు మన యానాది కాలనీల్లో పొద్దు వాలాక పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటే జాడల మాట వస్తుంది. బురదలో పీత ఎటు పోయింది, గట్టు మీది కన్నంలో ఎలుక ఉందా లేదా, వాళ్లు చూడగానే చెబుతారు. బడిలో ఈ విద్యకు మార్కులు లేవు. అయితే లోకంలోనే లేదనుకున్న ఒక పక్షి మళ్లీ దొరికింది ఇలాంటి విద్య వల్లనే.

ఆ పక్షి కలివికోడి. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక ఆ పేరు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. పగలు పొదల్లో నక్కి, చీకటి పడ్డాక చెదలు, చీమల కోసం బయటికొస్తుంది. అందుకే దాన్ని చూడాలంటే రాత్రిపూట అడవికి పోవాలి.

దీని చరిత్ర మన నెల్లూరుతో ముడిపడి ఉంది. 1840లలో థామస్ జెర్డాన్ అనే దొర నెల్లూరులో సివిల్ సర్జన్. పక్షులంటే ఆయనకు ప్రాణం. ఇక్కడి జంతువులు, పక్షుల సంగతులు యానాదులను అడిగి తెలుసుకునేవాడు. నెల్లూరు, కడప కొండల వైపు ఈ పక్షి ఉందని ఆయన వల్లే శాస్త్రలోకానికి తెలిసింది. 1848లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇంగ్లీషులో అది 'జెర్డాన్స్ కోర్సర్' అయింది. దొరకు అడవి సంగతులు చెప్పిన మనవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

తర్వాత అదే ప్రభుత్వం నెల్లూరు యానాదులను నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చింది. చీకట్లో దారి తెలిసినవాళ్లను చీకట్లో తిరిగినందుకే అనుమానించారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అనుమానం అంత తొందరగా రద్దు కాలేదు.

ఇటు 1900 తర్వాత కలివికోడి ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి, ఊరూరా పక్షి బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర అయితన్న అనే వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చాడు. కబురు తెలిసి ప్రసిద్ధ పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ బయలుదేరి వచ్చాడు. కానీ ఆ పక్షి బతకలేదు. 86 ఏళ్ల తర్వాత దొరికిన పక్షి మనుషుల చేతిలోనే పోయింది. ఇదీ మనం దాచకుండా చెప్పుకోవాలి.

దాని కోసమే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 1988లో తపాలా బిళ్ల వచ్చింది. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పనులు దాని పొదల్లోకి వస్తే, కాలువ దారి మార్చారు. శాస్త్రజ్ఞులు అడవిలో మెత్తని మట్టి పరిచి, తెల్లవారి దాని మీద పడిన అడుగులు చూసి పక్షి తిరిగిందో లేదో తేల్చారు. మన తాత ఏ పుస్తకమూ చదవకుండా చేసే పని అదే!

సిద్ధవటం పక్కగా పారిన పెన్న నెల్లూరు మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. అదే ఏటి వైపు, సుమారు 140 ఏళ్ల ఎడంతో, ఈ పక్షి రెండుసార్లు శాస్త్రలోకానికి తెలిసింది. మొదటిసారి దొరకు అడవి సంగతులు చెప్పినవాళ్ల పేర్లు మిగల్లేదు. రెండోసారి అయితన్న పేరు మిగిలింది.

టీచర్లకు ఒక మనవి. పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్లను అడిగించండి. ఏ పిట్టను ఏమంటారు, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఎప్పుడు కూస్తుంది అన్నీ రాయించండి. కింద చెప్పిన అవ్వ పేరు, తాత పేరు తప్పకుండా రాయించండి.